జీపుకు స్పీడ్ సెన్సార్: మూడు వానాకాలాలు తిరిగినంక

నా పాత ఫోర్ బై ఫోర్ జీపుకు స్పీడోమీటర్ కేబుల్ మూడోసారి తెగినంక ఇగ కొత్తది కొనబుద్ధి కాలేదు. పెద్ద టైర్లు వేసినప్పటిసంది అది చెప్పేది కూడా తప్పే, బండి 50లో పోతుంటే 45 చూపేది. 2023 మే నెలలో కేబుల్ పీకేసి డిజిటల్ మీటరు, అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సార్ పెట్టించిన. మీటరు 2,200, సెన్సార్ 450, కూలి వేరే. హన్మకొండ నుంచి తాడ్వాయి, అక్కడి నుంచి అడవి బాటన పొలం దాకా, వారానికి రెండు ట్రిప్పులు నా తిరుగుడు.

"ముందు చక్రానికి పెడితే సులువైతది సార్" అన్నడు మిస్త్రి. "రేగడిల దిగితే అంతే సులువుగ ఊడుతది భాయ్" అన్న. చివరికి, వెనక చక్రాలను తిప్పే పొడుగాటి ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు, ముందు వెనక ఇరుసులకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు పక్కన అయస్కాంతం పెట్టి, దానికి ఎదురుగా సెన్సార్ బిగించినం. వెనక రెండు చక్రాలకూ తిరుగుడు పంచే డిఫరెన్షియల్ వైపైతే కమాన్ పట్టీలతో పాటు షాఫ్ట్ పైకీ కిందికీ ఊగుతది, సెన్సార్‌కూ అయస్కాంతానికీ మధ్య సందు నిలవదు. ట్రాన్స్‌ఫర్ కేసు దాటినంక పెట్టినం కాబట్టి నెమ్మదిగ, బలంగ లాగే లో రేంజ్ గేరు వేసినా లెక్క మారదు.

తప్పంతా లెక్కలో నేనే చేసిన. టైరుకు సుద్దగీత గీసి ఒక చుట్టు దొర్లిస్తే 2 మీటర్ల 24 సెంటీమీటర్లు. బాగుంది. చక్రం ఒక చుట్టుకు షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరుగుతదో చూద్దామని వెనక ఒక్క చక్రమే జాకీ మీద లేపి తిప్పిన, రెండు ముప్పావుకు కొంచెం తక్కువ. ఆ లెక్కన షాఫ్ట్ చుట్టుకు ఒక పల్సు (అయస్కాంతం సెన్సార్ ముందు నుంచి పోయినప్పుడల్లా వచ్చే సిగ్నల్) చొప్పున కిలోమీటరుకు 1,200 పల్సులని మీటర్లో కొట్టిన. ములుగు రోడ్డెక్కితే నా జీపు 80లో ఉరుకుతున్నది! పక్కనుంచి ట్రాక్టర్ దాటిపోతుంటే అనుమానమొచ్చింది. రెండో చక్రం నేల మీద కదలకుంటే డిఫరెన్షియల్ వల్ల షాఫ్ట్ సగమే తిరుగుతది. రెండు చక్రాలూ లేపి, రెండింటినీ కలిపి తిప్పితే అసలు లెక్క దొరికింది: 2,400. 163 జాతీయ రహదారి రాళ్లతో సరిచూస్తే పది కిలోమీటర్లకు 9.9.

2024 ఫిబ్రవరిలో మేడారం జాతర ట్రాఫిక్‌లో, పస్రా దాటినంక బండి ఆగి ఉన్నా హారన్ కొట్టినప్పుడల్లా మీటరు 12 చూపింది. సిగ్నల్ వైరును హారన్ వైరుతో కలిపి ఒకే టేపు చుట్టిండ్రు. విడదీసి, ఎర్త్ నేరుగా బ్యాటరీకి ఇచ్చినంక మళ్లీ రాలేదు.

ఆ ఎండాకాలం ఏటూరునాగారం దగ్గర గోదావరి ఇసుకలో తిరిగొచ్చినంక మీటరు 30, సున్నా, 30 అని ఎగరడం మొదలుపెట్టింది. కిందికి దూరి చూస్తే అయస్కాంతానికి నల్లటి గడ్డం మొలిచి ఉంది. ఇసుకలోని ఇనుప రజను, వెంట్రుకల్లాగ నిలబడి, సెన్సార్ మూతిని రాస్తున్నది. గుడ్డతో తుడిస్తే పోదు, పిండిముద్ద అద్ది తీయాల్సి వచ్చింది. ప్రతి ట్రిప్పు తర్వాత చపాతీపిండి పట్టుకొని బండి కిందికి ఎవరు పోతరు?

అందుకే హాల్ సెన్సార్ తీసేసి, అయస్కాంతం అక్కర్లేకుండ దగ్గరికొచ్చిన లోహాన్ని పసిగట్టే ఇండక్టివ్ ప్రాక్సిమిటీ సెన్సార్ వేసుకున్న. ఇది షాఫ్ట్ కొనను బిగించే ఫ్లాంజ్ మీది నాలుగు బోల్టు తలలనే చూస్తది, బురద అడ్డమున్నా దానికి పట్టింపు లేదు. చుట్టుకు నాలుగు పల్సులు కాబట్టి సెట్టింగు 9,600 అయింది. నడక వేగంతో రాళ్లల్లో ఎక్కేటప్పుడు కూడా ఇప్పుడు అంకె నిలకడగా ఉంటది, ఒక్క అయస్కాంతంతో అట్ల ఉండకపోయేది. సందు రెండు మిల్లీమీటర్లు పెట్టిన, చెక్ నట్టు బిగువు నెలకోసారి చూస్త.

జంపన్నవాగు నీళ్లలో దిగినప్పుడు ఒకసారి మీటరు ఆగింది గానీ, తప్పు సెన్సార్‌ది కాదు. బండి కింద ఇచ్చిన వైరు జాయింట్లో రాగి పచ్చగా చిలుమెక్కింది. దాన్ని సీటు కిందికి మార్చి టంకం పెట్టించిన.

మీటరు మీద నాకు రెండు అసంతృప్తులు. మిట్టమధ్యాహ్నం అంకెలు కనపడవు. పాత ఓడోమీటర్ అంకె దీంట్లోకి ఎక్కించే దారి లేదు, బానెట్ లోపల పెయింటుతో రాసి పెట్టుకున్న. తారురోడ్డు మీదే తిరిగేటోళ్లకు, కేబుల్ బాగున్నోళ్లకు ఈ ఖర్చు దండగ. వాగులు, ఇసుక తప్పనోళ్లు మాత్రం మొదలే ప్రాక్సిమిటీ కొనుక్కోండి, నాలాగ రెండుసార్లు బండి కిందికి దూరే పని తప్పుతది.