386 పక్కన ఖాళీ సాకెట్‌లో ఏది మేలు: ఇంటెలా, సైరిక్సా, ఐఐటీనా?

386 అంటే పాత కాలపు కంప్యూటర్ ప్రాసెసర్, దాని పక్క సాకెట్ కోప్రాసెసర్‌ది, అంటే దశాంశ లెక్కలు చేసిపెట్టే తోడు చిప్‌ది. పాత 386 బోర్డులు బాగు చేసుకునే తమ్ముళ్లు ఎవరు ఫోన్ చేసినా ఇదే అడుగుతున్నారు: "అన్నా, సాకెట్ ఖాళీగా ఉంది, ఇంటెల్ 387 పెట్టాలా, సైరిక్స్ పెట్టాలా?" పోయిన ఏడాది నేనూ ఇదే ప్రశ్నతో నెలల తరబడి తిరిగాను కాబట్టి ఒక్కసారి రాసి పెడుతున్నా.

డూమ్ ఆడుకోవడానికే అయితే ఏదీ కొనకండి. ఆ గేమ్ లెక్కలు ఫిక్స్‌డ్ పాయింట్‌లో, అంటే పూర్ణాంకాలతోనే నడుస్తాయి, కోప్రాసెసర్ ఉన్నా లేకున్నా ఒకటే. నాకు కావాల్సింది డాస్‌లో నడిచే డ్రాయింగ్ ప్రోగ్రాము ఆటోక్యాడ్ రిలీజ్ 12, అది కోప్రాసెసర్ లేకపోతే మొదలే కాదు. నా బోర్డు ఏఎండీ 386డీఎక్స్-40ది (40 మెగాహెర్ట్జ్ వేగం), హన్మకొండలో మూతపడ్డ ఒక డ్రాయింగ్ ఆఫీసు నుంచి వచ్చింది. కోప్రాసెసర్ చిప్ మాత్రం ఎవరో ముందే పీకేసుకున్నారు.

అందరూ స్పీడ్ గురించే అడుగుతారు. సైరిక్స్ 83డీ87, అదే ఫాస్‌మ్యాత్, లోపల ఇంటెల్ కంటే చాలా ఫాస్ట్, అందులో అనుమానం లేదు. కానీ ప్రతి ఇన్‌స్ట్రక్షనూ, ప్రతి అంకే 386 నుంచి కోప్రాసెసర్‌కి పోర్టుల గుండా వెళ్లాలి, జవాబు మళ్లీ అదే దారిలో వెనక్కి రావాలి, ఈ రాకపోకలకే బోలెడు క్లాక్ టిక్కులు పోతాయి. లోపల కూడిక ఎంత తొందరగా అయిపోయినా దారి ఖర్చు తగ్గదు. అందుకే డ్రాయింగ్ తెరిచి రీజెన్ (మొత్తం బొమ్మను మళ్లీ లెక్కేసి గీయడం) కొడితే తేడా తెలుస్తుంది గానీ, కాగితం మీద చూసి ఊహించుకున్నంత ఉండదు. భాగహారం, వర్గమూలం, సైన్, కాస్ ఎక్కువగా ఉన్న పనిలోనే బాగా కనిపిస్తుంది.

నా లెక్కలో అసలు చూడాల్సింది వేరే. అది ఇచ్చే జవాబును నమ్మొచ్చా లేదా అన్నది. ఇది నాకు దెబ్బ తిన్నాకే తెలిసింది. మొదట ఆన్‌లైన్‌లో ఒకతని దగ్గర 40 అని ముద్ర ఉన్న చిప్ కొన్నాను. జనవరిలో బాగా నడిచింది. ఏప్రిల్ చివర్లో, మన వరంగల్ ఎండలు మీకు తెలిసిందే, ఒక ప్లాటు డ్రాయింగ్ మీద ఏరియా కమాండ్ ఇస్తే ఒక జవాబు వచ్చింది, మళ్లీ అవే మూలలు నొక్కితే ఇంకో జవాబు వచ్చింది. మెషీన్ హ్యాంగ్ కాలేదు, ఎర్రర్ చూపలేదు. హ్యాంగ్ అయితే కనీసం తెలుస్తుంది, తప్పు అంకె నిశ్శబ్దంగా ఇస్తే ఎవరికి తెలుస్తుంది? చిప్ తీసి నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ముంచిన దూదితో రుద్దితే 40 కరిగి దూదికి అంటుకుంది, కింద మసకగా 25 కనిపించింది.

కాబట్టి ముందు బోర్డు క్లాక్ చూడండి. ఇంటెల్ 387డీఎక్స్ 33 మెగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోయింది. ఏఎండీ 1991లో 386ని 40కి తెచ్చినప్పుడు దానికి జతగా అసలైన 40 చిప్‌లు ఇచ్చినవి సైరిక్స్, ఐఐటీ లాంటి బయటి కంపెనీలే. 40 బోర్డు మీద ఇంటెల్ 33 పెట్టి "నడుస్తోంది కదా" అంటే నేను ఒప్పుకోను, మే నెల దాకా ఆగి చూడమంటాను. మీది 33 బోర్డు అయితే ఇంటెల్‌కి వంక పెట్టడానికి లేదు, దశాంశ లెక్కలు ఎలా చేయాలో చెప్పే ఐఈఈఈ 754 ప్రమాణాన్ని పాటిస్తుంది, ఏ ప్రోగ్రామూ దానితో పేచీ పెట్టదు.

అయినా రెండూ ఒకే ధరకు ఎదురుగా ఉంటే నా చెయ్యి సైరిక్స్ మీదికే పోతుంది. సైన్, లాగ్ లాంటి వాటికి ఇంటెల్ కార్డిక్ పద్ధతి (అంచెలంచెలుగా కూడికలతో జవాబుకు దగ్గరయ్యేది) వాడితే, సైరిక్స్ లోపల పెద్ద మల్టిప్లయర్ పెట్టి పాలినామియల్స్‌తో (బహుపదులతో) చేసింది. వేగమూ వచ్చింది, చివరి బిట్లలో తప్పూ తగ్గింది. ఒక్క జాగ్రత్త: 386 స్థానంలో సైరిక్స్ వాళ్ల 486డీఎల్‌సీ ప్రాసెసర్ వేసుకున్నవాళ్లు పాత 83డీ87 జోలికి పోవద్దు, హ్యాంగ్ అవుతుంది, తర్వాత వచ్చిన సైరిక్స్ 387+ వెతకండి.

ఐఐటీ అంటే మన ఐఐటీలు కాదు, అమెరికాలోని ఇంటిగ్రేటెడ్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ, ఎయిట్ బై ఎయిట్ అనే కంపెనీగా మారింది అదే. వాళ్ల 3సీ87లో అంకెలు దాచుకునే అదనపు రిజిస్టర్ బ్యాంకులు, 4×4 మ్యాట్రిక్స్ లెక్క ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌తో చేసే సౌకర్యం ఉన్నాయి, కానీ వాటిని వాడుకున్న ప్రోగ్రాములు బాగా తక్కువ. 80 బిట్ల డీనార్మల్ సంఖ్యలను (సున్నాకి బాగా దగ్గరగా ఉండే అతి చిన్నవి) సపోర్ట్ చేయదు, నాకు అదే అడ్డు. చౌకగా దొరికితే సరే. యూఎల్‌ఎస్‌ఐ అనే ఇంకో కంపెనీ చిప్ కూడా అంతే, చౌక. వైటెక్ కంపెనీ 3167 కోప్రాసెసర్ వేరే జాతి, దాని కోసం రాసిన ప్రోగ్రాములే దాన్ని వాడతాయి, అవి మీ దగ్గర లేకపోతే దండగ.

పెట్టేటప్పుడు తొందర వద్దు. బోర్డులో వైటెక్ కోసం పెట్టిన 121 పిన్నుల సాకెట్ ఉంటే 68 పిన్నుల చిప్ లోపలి రెండు వరుసల్లో కూర్చోవాలి, కోసిన మూల గుర్తు చూసుకోకుండా తిప్పి పెడితే కాలిపోతుంది. వంగిన పిన్నులను బ్లేడుతో ఒక్కొక్కటీ నిలబెట్టి, నాలుగు మూలలా సమానంగా నొక్కండి. బోర్డు మీద కోప్రాసెసర్‌కి జంపర్ (సెట్టింగ్ మార్చే చిన్న క్లిప్) ఉంటే మార్చండి. బూట్ అయ్యాక తెర మీద బయోస్ చూపే పెట్టెలో న్యూమరిక్ ప్రాసెసర్ ఎదురుగా ప్రెజెంట్ అని వస్తుంది. అక్కడితో ఆగకుండా, ఒకే డ్రాయింగ్ మీద ఏరియా పదిసార్లు తీసి చూడండి, అది కూడా మధ్యాహ్నం పూట, ఫ్యాన్ ఆపేసి.