ఎల్వింగ్టన్ హాలిఫాక్స్: ఫ్రెంచ్ బాంబర్ల జాడ వెతికేవాళ్లకు ఈ మ్యూజియం ఎంతవరకు పనికొస్తుంది?

రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచ్ సిబ్బందితో హాలిఫాక్స్‌లు (నాలుగు ఇంజిన్ల బ్రిటిష్ బాంబర్లు) నడిపిన స్క్వాడ్రన్లు రెండు: 346 గుయెన్, 347 తునీజీ. 1944 మే, జూన్ నెలల్లో ఏర్పడిన ఈ రెండూ ఇంగ్లండ్‌లో యార్క్ దగ్గరి ఎల్వింగ్టన్ నుంచే ఎగిరాయి. అదే స్థావరంలో ఇప్పుడు యార్క్‌షైర్ ఎయిర్ మ్యూజియం ఉంది. ఆ విమానాలకూ మనుషులకూ ఏమైందో అర్థం కావాలంటే ముందుగా చూడాల్సింది ఇదే. కాకపోతే కొంచెం చదువుకుని వెళ్లాలి.

హాంగర్‌లోని హాలిఫాక్స్‌ను ఎడమవైపు నుంచి చూస్తే అది ఎల్‌వీ907, 'ఫ్రైడే ద థర్టీన్త్'. 128 దాడులు చేసిన ఆ అసలు విమానం 158 స్క్వాడ్రన్‌ది, ఫ్రెంచ్ వాళ్లది కాదు. ఫ్రెంచ్ గుర్తులు కుడివైపున వేశారు, చాలామంది అటు తిరగకుండానే వెళ్లిపోతారు. నిజానికి ఈ విమానం అతుకుల బొంత. నడుం భాగం హెచ్‌ఆర్792 అనే మరో హాలిఫాక్స్‌ది. స్కాట్లండ్‌లోని లూయిస్ దీవిలో కోళ్ల గూడుగా వాడుతుంటే తెచ్చారు. రెక్కలు హేస్టింగ్స్ రవాణా విమానానివి, ఇంజిన్లు ఫ్రెంచ్ వైమానిక దళం ఇచ్చిన హెర్క్యులెస్‌లు. 1996 సెప్టెంబర్ 13న, శుక్రవారం నాడు, దీన్ని జనానికి చూపించారు. అసలుది కాదని తీసిపారేయడం తప్పు. ఏడుగురు ఎక్కడెక్కడ కూర్చునేవారో, ఒకరికొకరు ఎంత దూరమో కొలిచినట్టు తెలిసేది దీని దగ్గరే.

ముక్కు దగ్గర ఎక్కువసేపు నిలబడండి. దారి చూపే నావిగేటర్, బాంబులు గురిచూసి వదిలే బాంబ్ ఎయిమర్, వైర్‌లెస్ ఆపరేటర్ ముగ్గురూ పైలట్ కంటే కింద, ముందువైపు ఉండేవారు. బయటపడే తలుపు నావిగేటర్ చోటు కింద నేలలోనే ఉంటుంది. అతను సీటు మడిచి, తలుపు తీసి దూకితేగాని ముందుభాగంలోని మిగతావాళ్లకు ఆ దారి దొరకదు. అంతసేపూ విమానం తిరగబడకుండా పైలట్ పట్టుకునే ఉండాలి. తోక గన్నర్ కష్టం వేరు. అతని పారాచూట్ టరెట్ (అతను కూర్చునే, తిరిగే తుపాకీ గది) బయట, విమానం లోపల ఉండేది. టరెట్‌ను నేరుగా తిప్పి, వెనక తలుపులు తీసి, దాన్ని అందుకుని తగిలించుకోవాలి. హైడ్రాలిక్స్ పోతే టరెట్ అడ్డంగా నిలిచిపోయేది. ఇక పొట్ట కింద చాలా విమానాలకు తుపాకీ లేదు. జర్మన్ రాత్రి ఫైటర్లు పైకి గురిపెట్టిన ఫిరంగులతో అక్కడి నుంచే కొట్టేవి.

1944 నవంబర్ 4 రాత్రి జర్మనీలోని బోహుమ్ మీద దాడికి 346 నుంచి 16 హాలిఫాక్స్‌లు వెళ్తే ఐదు తిరిగి రాలేదు. ఆ ముక్కు ముందు నిలబడ్డాక ఈ అంకె వేరేగా వినిపిస్తుంది.

ఒక్కో సిబ్బంది గురించి వెతికేవాళ్లు తేదీ, స్క్వాడ్రన్, విమానం సీరియల్ మూడూ రాసుకుని రావాలి. విమానం పక్కన రాసే గుర్తుల్లో హెచ్7 అంటే 346, ఎల్8 అంటే 347. పక్కనుండే అక్షరాన్ని మాత్రం నమ్ముకోవద్దు: విమానం కూలిపోతే దాని బదులు వచ్చినదానికి అదే అక్షరం ఇచ్చేవారు. రెండు అక్షరాలు, మూడు అంకెల సీరియలే గట్టి ఆధారం. ఇంకో పొరపాటూ తరచూ జరుగుతుంది. బ్రిటిష్ పద్ధతిలో విమానానికి కెప్టెన్ పైలటే. ఫ్రెంచ్ వాళ్లలో నావిగేటరో బాంబ్ ఎయిమరో కూడా కెప్టెన్ కావచ్చు. అందుకే 'ఫలానా కెప్టెన్ సిబ్బంది' అని కనిపిస్తే ఆయనే నడిపాడనుకోకండి. పేర్లు సరిచూసుకోవడానికి లండన్‌లోని క్యూ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 అనే స్క్వాడ్రన్ల రికార్డుల శ్రేణి ఉంది. అందులో ఫారం 540 నెలవారీ కథనం, ఫారం 541 ఒక్కో విమానం వివరం. చనిపోయినవాళ్ల కోసం ఫ్రెంచ్ రక్షణ శాఖ 'మెమ్వార్ దెజోమ్' సైట్ ఉచితం.

బయటి పెద్ద రన్‌వే చూసి హాలిఫాక్స్‌లు దిగింది ఇంత పొడవైనదాని మీదేననుకోకండి. దాన్ని 1950లలో అమెరికన్ల కోసం పొడిగించారు. యుద్ధకాలపు కంట్రోల్ టవర్ మాత్రం తప్పక ఎక్కండి. 1945 మార్చి 3 రాత్రి జర్మన్ యుంకర్స్ 88లు తిరిగొస్తున్న బాంబర్ల వెంటే ఇక్కడిదాకా వచ్చాయి. వాటిలో ఒకటి పక్కనున్న సట్టన్ అపాన్ డెర్వెంట్ దగ్గర కూలింది. ఇల్లు కనబడ్డాక కూడా ప్రమాదం తప్పలేదని ఆ కిటికీల్లోంచి చూస్తే తెలుస్తుంది.

ఆవరణలోని ఫ్రెంచ్ జెట్ బాంబర్ మిరాజ్ 4ను ఈ కథకు సంబంధం లేనిదిగా వదిలేయకండి. గుయెన్ పేరు తర్వాత మిరాజ్ 4 నడిపిన ఒక స్క్వాడ్రన్‌కే దక్కింది. ఎల్వింగ్టన్ ఊళ్లో ఫ్రెంచ్ సిబ్బంది స్మారకం ఉంది, దానికీ కొంత సమయం ఉంచుకోండి.