అటక మీది పాత కోర్సు ఫైళ్లతో నెట్ పరీక్ష: రెండున్నరేళ్ల వాడకం తర్వాత

మా అమ్మ ప్రతి భోగికీ అడుగుతుంది, “అటక మీది ఆ కాయితాలు ఈసారైనా మంటలో వేసేద్దామేట్రా?” అని.

అవి నేను 2012–14లో జర్నలిజం పీజీ చేసినప్పటివి. నాలుగు ల్యాబ్ జర్నల్ (విద్యార్థులు సాధన కోసం తెచ్చే పత్రిక) సంచికలు, వాటి డమ్మీలు (పేజీల నమూనా కాయితాలు), ఒక రేడియో ఫీచర్ స్క్రిప్టు, అడ్వర్టైజింగ్ క్లాసు కోసం చేసిన సబ్బు ప్రకటన, మీడియా చట్టాల నోట్సు, చివరి సెమిస్టర్ డిజర్టేషన్. కాలేజీ, యూనివర్సిటీ అధ్యాపకులకి పెట్టే అర్హత పరీక్ష యూజీసీ నెట్‌కి, అందులో మాస్ కమ్యూనికేషన్ అండ్ జర్నలిజం సబ్జెక్టుకి, రెండున్నరేళ్లు వీటిని పక్కన పెట్టుకునే చదివాను. రెండుసార్లు పోయింది, మూడోసారి 2024లో అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత వచ్చింది. పరిశోధనకి నెలనెలా డబ్బిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వయసు ఎప్పుడో దాటిపోయింది కాబట్టి ఆ ఆశ లేదు. గైడు పుస్తకాల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. మనం చేసి మర్చిపోయిన కోర్సు వర్కు ఈ పరీక్షకి ఏ మేరకు అక్కరకొస్తుందో, ఎక్కడ ముంచుతుందో నేను చెబుతాను.

తెలియనివాళ్ల కోసం: మొదటి పేపరులో 50 బిట్లు, రెండోదాంట్లో 100, మొత్తం 300 మార్కులు, మూడు గంటలు. నెగెటివ్ మార్కులు లేవు. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే.

మొదటిసారి అందరిలాగే ఒక గైడు కొని బట్టీ పట్టాను. ఏ సిద్ధాంతం ఏ ఏడాదిది అని: లాస్వెల్ 1948, గేట్‌కీపింగ్ (ఏ వార్త లోపలికి రావాలో, ఏది ఆగాలో తేల్చడం) 1950, డిఫ్యూజన్ 1962, ఇలా. పేరూ సంవత్సరమూ జతపరచమంటే టకటకా జతపరిచేవాణ్ని. ‘ఇది వాదన, ఇది కారణం, కారణం సరైనదేనా’ అని అడిగేసరికి బుర్ర తిరిగిపోయేది. నాలుగు ఆప్షన్లూ నిజంలాగే కనిపించేవి.

ఫలితం వచ్చాక ఇంటికెళ్లినప్పుడు అటక మీంచి ఆ కాయితాల సూట్‌కేసు దింపాను. మూడో ల్యాబ్ జర్నల్ డమ్మీ వెనక మా చేతిరాతలో ఒక జాబితా ఉంది. వచ్చిన 40 ఐటమ్స్‌లో 31 పక్కన పడేశాం, ఒక్కోదాని ఎదుట కారణం రాసుకున్నాం: ‘స్థలం లేదు’, ‘పాతది’, ‘బోర్’, ‘హెచ్ఓడీ సార్ ఒప్పుకోరు’. డేవిడ్ మానింగ్ వైట్ 1950లో చేసిన పని సరిగ్గా ఇదే. ఒక పత్రికలో వైర్ ఎడిటర్ (ఏజెన్సీ వార్తలు చూసేవాడు) వారం రోజులు తీసేసిన వార్తలకి కారణాలు రాయించుకున్నాడు. వచ్చినవాటిలో దాదాపు పదింట తొమ్మిది వంతులు చెత్తబుట్టకే వెళ్లాయి. తర్వాత పమేలా షూమేకర్ ఈ గేటుని ఐదు స్థాయిలుగా విడదీసింది: వ్యక్తి, పని పద్ధతి, సంస్థ, బయటి సామాజిక సంస్థలు, మొత్తం సమాజ వ్యవస్థ. మా జాబితాలో ‘బోర్’ వ్యక్తి స్థాయి, ‘స్థలం లేదు’ పని పద్ధతి, ‘సార్ ఒప్పుకోరు’ సంస్థ స్థాయి. ఇలా అంటించుకున్నాక ఆ ఐదూ ఇంక మర్చిపోలేదు. నేను పదేళ్లుగా ఒక దినపత్రిక డెస్కులో జిల్లా పేజీలు చూస్తున్నాను, అంటే రోజూ గేటు దగ్గరే కూర్చుంటున్నాను. అయినా డమ్మీ వెనక్కి తిప్పేదాకా వెలగలేదు.

అన్నిటికంటే ఎక్కువ లాభం ఇచ్చింది డిజర్టేషన్. రెండు తెలుగు దినపత్రికల మొదటి పేజీలు 30 రోజులపాటు తీసుకుని కంటెంట్ అనాలిసిస్ చేశాను, అంటే ఒక్కో వార్తని ఏ కోవకి చెందుతుందో కోడ్ చేసి లెక్కగట్టాను. అప్పట్లో డిజర్టేషన్ చూసే గైడు గారు, “నువ్వొక్కడివే కోడింగ్ చేస్తే ఎవరు నమ్ముతారయ్యా, ఇంకొకరితో చేయించు” అని వెనక్కి పంపారు. మా రూమ్‌మేట్‌ని బతిమాలి 50 వార్తలు విడిగా కోడ్ చేయించాను. ఇద్దరికీ 41 కలిశాయి. ఇద్దరి కోడింగ్ ఎంతవరకు కలిసిందో చెప్పే హోల్స్టీ సూత్రం ప్రకారం రెండు నలభై ఒకట్లు 82, దాన్ని ఇద్దరి వార్తల మొత్తం 100తో భాగిస్తే 0.82. కలవనివాటిలో ఎక్కువ రైతు ఆత్మహత్యల వార్తలు. నేను వాటిని వ్యవసాయం కింద వేశాను. వాడు నేరాల కింద వేశాడు, పోలీసు కేసు వివరాలతో మొదలైందని. రాత్రంతా కొట్టుకున్నాం. చివరికి తప్పు మా ఇద్దరిదీ కాదని, నేను రాసిన కోడింగ్ నిబంధనదని తేలింది. రిలయబిలిటీ (ఎవరు కొలిచినా ఒకేలా రావడం), వ్యాలిడిటీ (కొలవాల్సిందే కొలవడం) తేడా మీద ఏ బిట్టు కనిపించినా నాకు ఆ రాత్రే గుర్తొస్తుంది. అయితే కాకతాళీయంగా కలిసేవాటిని హోల్స్టీ లెక్క పట్టించుకోదు. వాటిని పట్టించుకునే లెక్కలు స్కాట్ పై, కోహెన్ కప్పా. ఇది మాత్రం డిజర్టేషన్‌లో లేదు, తర్వాత చదివి తెలుసుకున్నాను. కై-స్క్వేర్ అనే గణాంక పరీక్ష కూడా అంతే.

రేడియో ఫీచరు జహీరాబాద్ దగ్గర మాచనూరులోని సంఘం రేడియో అనే కమ్యూనిటీ రేడియో (స్థానికులే నడుపుకునే స్టేషన్) మీద చేసింది. 2008 అక్టోబర్ 15న మొదలైన ఆ స్టేషన్‌ని దళిత మహిళలు నడుపుతారు. 2004లో చెన్నైలో అన్నా ఎఫ్ఎం వచ్చింది, కానీ అది విశ్వవిద్యాలయ క్యాంపస్‌ది. స్వచ్ఛంద సంస్థలకి లైసెన్సు ఇచ్చే విధానం 2006లో వచ్చింది. ‘దేశంలో మొదటి కమ్యూనిటీ రేడియో ఏది’ అని అడిగినప్పుడు క్యాంపస్‌దా, స్వచ్ఛంద సంస్థదా అని చూసుకోవాలి. స్టూడియోలో కూర్చుని వచ్చిన నాకు ఆ మెలిక తేలిగ్గానే పట్టుబడింది.

ఇక ముంచిన సంగతి. చట్టాల నోట్సు. అది 2013లో రాసుకున్నది, ముత్యాల్లాంటి అక్షరాలు, ఎర్ర ఇంకు అండర్‌లైన్లు. దాంట్లో ఆన్‌లైన్‌లో అభ్యంతరకరంగా రాస్తే శిక్షించే ఐటీ చట్టం సెక్షన్ 66ఏ అమల్లోనే ఉంది. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. దాంట్లో పత్రికల రిజిస్ట్రేషన్‌కి 1867 చట్టమే ఉంది. ఇప్పుడు ఆ స్థానంలో 2023 చట్టం, 2024 మార్చి 1 నుంచి అమలు. సినిమాల్లో యూఏ (పెద్దల మార్గదర్శనంతో పిల్లలు చూడొచ్చనే సర్టిఫికెట్) అంటే ఒకటే రకం అని రాసుంది. 2023 సవరణతో 7, 13, 16 ఏళ్లు అని మూడు రకాలయ్యాయి. రెండో ప్రయత్నంలో నా చేతిరాత మీద నమ్మకంతో ఈ యూనిట్‌ని మళ్లీ చదవనే లేదు. కటాఫ్‌కి కొద్దిలో పోయింది. ఇంకో ముచ్చట: 2024 జూన్ 18న రాసిన పరీక్ష మర్నాడే రద్దయింది. మళ్లీ రాసేది ఆగస్టు, సెప్టెంబర్లలో. మధ్యలో జూలై 1న ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, పరువునష్టం సెక్షన్ 499 కాస్తా 356 అయింది. రద్దయినందుకు ఏడ్చిన మాట నిజమే గానీ, ఆ రెండు నెలల్లోనే చట్టాల యూనిట్ మొత్తం కొత్తగా రాసుకున్నాను.

మీడియా మీద ప్రభుత్వం వేసిన కమిటీల విషయంలో కోర్సు వర్కు ఎందుకూ కొరగాదు. చందా కమిటీని వేసింది 1964లో, నివేదిక 1966లో. వర్గీస్‌ది 1977, 1978. మొదటి ప్రెస్ కమిషన్ 1952, 1954. అడిగింది వేసిన ఏడాదా, ఇచ్చిన ఏడాదా చూసుకోకపోతే కాలక్రమం బిట్టు పోయినట్టే. ఇక్కడ బట్టీయే శరణ్యం, సిగ్గుపడక్కర్లేదు. సబ్బు ప్రకటన గురించి చెప్పడానికేమీ లేదు, నవ్వుకోవడానికి బాగుంది.

ఒక జాగ్రత్త. నా కోర్సు వర్కంతా తెలుగులో ఉంది, పరీక్షేమో ఇంగ్లిష్‌లో. ‘మౌన వలయం’ అని మనసులో తిప్పుకుంటూ స్పైరల్ ఆఫ్ సైలెన్స్ (తమ అభిప్రాయం తక్కువమందిదే అనుకున్నవాళ్లు నోరు మెదపరనే సిద్ధాంతం) అని గుర్తుపట్టడానికి క్షణం ఆలస్యమయ్యేది. అందుకే కార్డుకి ఒకవైపు ఇంగ్లిష్ పేరు, సంవత్సరం, రెండోవైపు నా డమ్మీలోంచో డిజర్టేషన్‌లోంచో తెలుగులో ఒక ఉదాహరణ రాసుకున్నాను. అలా 140 కార్డులయ్యాయి. ఉదాహరణ దొరకని కార్డులన్నీ కమిటీలవీ అడ్వర్టైజింగ్ నమూనాలవీ.

పీజీలో అసైన్‌మెంట్లు సీనియర్ల దగ్గర కాపీ కొట్టినవాళ్లకి ఈ పద్ధతి నేను చెప్పను. తిరగేయడానికి వాళ్ల దగ్గర ఏమీ ఉండదు.

మొన్న భోగికి అమ్మ మళ్లీ అడిగింది. చట్టాల నోట్సు ఒక్కటి తీసి ఇచ్చాను. “ఇంతేనేట్రా?” అంటూ మంటలో వేసింది.