కిటికీలు కడిగే బండికి ఏ నీళ్లు మేలు? రెజినా, సొంత ఆర్‌ఓనా, వాటర్ ప్లాంటు నీళ్లా?

బోరు నీళ్లతో అద్దం కడిగి తుడవకుండా వదిలేస్తే, ఎండకి కాసేపట్లోనే తెల్ల చుక్కలు తేలతాయి. కింది అంతస్తు అయితే వైపర్‌తో లాగేయొచ్చు. నాలుగో అంతస్తు అద్దాన్ని నేల మీద నిలబడి పొడవాటి పోల్‌తో కడిగేటప్పుడు ఆ వీలు లేదు. పోల్ చివర బ్రష్షు, బ్రష్షులోంచి నీళ్లు, రుద్దడం, పైనుంచి జార్చేయడం, అంతే. ఆరాక ఏమీ మిగలకూడదంటే నీళ్లలోనే ఏమీ ఉండకూడదు. టెర్రస్ మీద సోలార్ ప్యానెళ్లకీ ఇదే లెక్క.

అంటే టీడీఎస్, అదే నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తం, సున్నా ఉండాలి. 10 పీపీఎం (లీటరుకి 10 మిల్లీగ్రాములు) లోపు ఉంటే పని నడుస్తుంది. ఆ పైన పోయేకొద్దీ ముదురు రంగు అద్దాల మీద బయటపడిపోతుంది. మన తాగే నీళ్ల ప్రమాణంలో 500 దాకా ఆమోదమే. కాబట్టి ‘మా నీళ్లు చాలా మంచివండీ, నేరుగా తాగుతాం’ అని ఇంటివాళ్లు చెప్పే మాట మన పనికి అక్కరకు రాదు.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. హైదరాబాద్‌లో కొత్తగా బండి పెట్టేవాళ్లకి కాలనీ వాటర్ ప్లాంటు నీళ్లు, బండిలో రెజిన్ వెసెల్ (నీళ్లలోని లవణాలని పట్టుకునే పూసలు నింపిన డబ్బా) మేలు. పని కుదురుకుని రోజూ ట్యాంకు ఖాళీ అవుతుంటే, అప్పుడు షెడ్డులో సొంత ఆర్‌ఓ (ఒత్తిడితో నీళ్లని మెంబ్రేన్ అనే సన్నటి పొరలోంచి తోసి లవణాలు వేరుచేసే మిషన్). బండిలోనే ఆర్‌ఓ బిగించడం మాత్రం వద్దు.

ఎందుకు వద్దో అర్థం కావాలంటే ఆ ఆలోచన ఎక్కడిదో చూడాలి. మనం యూట్యూబులో చూసే వ్యాన్లు చాలావరకు బ్రిటన్‌వి. అక్కడ ఎత్తులో చేసే పనుల మీద 2005లో నిబంధనలు వచ్చాక నిచ్చెన వాడకం తగ్గి, పోల్ పద్ధతి బాగా పాకింది. వాళ్లలో కొందరు వ్యాన్‌లోనే ఆర్‌ఓ పెట్టుకుని, కస్టమర్ కుళాయికి పైపు తగిలించి పని కానిస్తారు. వీధి పైపులోంచి వచ్చే ఒత్తిడి మెంబ్రేన్‌ని ఎంతో కొంత నడిపిస్తుంది కాబట్టి అక్కడ కుదురుతుంది. మన దగ్గర నీళ్లు సంపులోకి, అక్కడి నుంచి పైన ట్యాంకులోకి వెళ్లి, ఆ ఎత్తు నుంచి కిందికి దిగుతాయి. పది మీటర్ల ఎత్తుకి ఒక బార్ ఒత్తిడి. ఐదంతస్తుల అపార్ట్‌మెంటులో గ్రౌండ్ ఫ్లోర్ కుళాయి దగ్గర ఒకటిన్నర బార్ వస్తే గొప్ప. టెర్రస్ మీది కుళాయిలో దాదాపు ఏమీ ఉండదు. 4040 సైజు (నాలుగు అంగుళాల వ్యాసం, నలభై అంగుళాల పొడవు) మెంబ్రేన్ సరిగ్గా పనిచేయాలంటే ఏడు, ఎనిమిది బార్‌లైనా కావాలి. అంటే బండిలో హై ప్రెషర్ పంపు పెట్టాలి, దానికి కస్టమర్ ఇంట్లోంచి కరెంటు లాగాలి.

పంపు పెట్టారే అనుకోండి, వేస్టు నీళ్ల సంగతేమిటి? లీటరు మంచి నీళ్లకి ఇంచుమించు లీటరు రిజెక్టు పోతుంది, చిన్న మిషన్లలో రెండు, మూడు లీటర్లు కూడా. ఏప్రిల్‌లో ట్యాంకర్ల కోసం ఎదురుచూసే అపార్ట్‌మెంటులో మీ బండి అరగంట సేపు డ్రైనేజీలోకి నీళ్లు వదులుతుంటే వాచ్‌మన్ ఊరుకున్నా అసోసియేషన్ సెక్రటరీ ఊరుకోడు. ఊరుకోకూడదు కూడా.

ఇక రెజిన్ ఒక్కదానితోనే నెట్టుకొచ్చే పద్ధతి. మిక్స్‌డ్ బెడ్ రెజిన్ నింపిన ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్ ప్లాస్టిక్) వెసెల్‌లో ఒక వైపు నుంచి నీళ్లు పంపితే రెండో వైపు సున్నా వస్తుంది. కరెంటు వద్దు, వేస్టు లేదు, చప్పుడు లేదు. చూడగానే ఇదే బాగుందనిపిస్తుంది. కానీ రెజిన్‌కి ఒక కడుపు ఉంటుంది. లీటరు రెజిన్ సుమారు 25 గ్రాముల లవణాలు పట్టుకుని ఆగిపోతుంది. 25 లీటర్ల వెసెల్ అయితే 625 గ్రాములు. ఇక్కడి నుంచి అంతా మీరు పోసే నీళ్ల మీద ఆధారపడుతుంది. బోరు నీళ్లు 800 పీపీఎం ఉంటే లీటరుకి 0.8 గ్రాము, అంటే 780 లీటర్లకే వెసెల్ అయిపోతుంది. ఒక పోల్‌కి నిమిషానికి రెండున్నర లీటర్లు వేసుకుని, రోజులో నీళ్లు నిజంగా పారే సమయం మూడు గంటలు అనుకుంటే 450 లీటర్లు. రెండో రోజు సాయంత్రానికి రెజిన్ పని ముగిసింది! జలమండలి నల్లా నీళ్లు 300 ఉంటే 2,080 లీటర్లు వస్తాయి, నాలుగైదు రోజులు. ఇవన్నీ కాగితం లెక్కలే, చేతికొచ్చేది ఇంకాస్త తక్కువ ఉంటుంది.

స్కాట్లాండ్‌లో నీళ్లు మెత్తన (లవణాలు తక్కువ) కాబట్టి అక్కడ రెజిన్ ఒక్కదానితో హాయిగా వ్యాపారం చేసుకోవచ్చు. లండన్ వైపు నీళ్లు గట్టివి, అక్కడివాళ్లకే ఆర్‌ఓ లేకుండా గిట్టదు. మన దక్కన్ బోర్లకి ఇక చెప్పేదేముంది? రెజిన్‌ని తిరిగి చార్జ్ చేసుకోవచ్చు కదా అంటారు. చేయొచ్చు, కానీ మిక్స్‌డ్ బెడ్‌లో రెండు రకాల రెజిన్లు కలిసి ఉంటాయి. వాటిని విడదీసి ఒకదానికి యాసిడ్, ఇంకోదానికి కాస్టిక్ పట్టించి మళ్లీ కలపాలి. ఇంటి పెరట్లో చేసే పని కాదది. డీఎం ప్లాంట్ల (ఫ్యాక్టరీలకి లవణాలు లేని నీళ్లు తయారుచేసే ప్లాంట్ల) పని తెలిసినవాళ్లకి వదిలేయాలి.

మధ్యలో సాఫ్ట్‌నర్ అమ్మేవాళ్లు తగులుతారు. సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియం తీసేసి ఆ చోట సోడియం పెడుతుంది. గీజర్‌కి మంచిదే. టీడీఎస్ మాత్రం తగ్గదు, మచ్చా పోదు. దాన్ని దాటి ముందుకు వెళ్లిపోండి.

వాటర్ ప్లాంటు దారి నాకు నచ్చడానికి కారణం లెక్కే. దాదాపు ప్రతి కాలనీలోనూ ఇరవై లీటర్ల క్యాన్లు నింపే ఆర్‌ఓ ప్లాంటు ఒకటి ఉంటుంది. మెంబ్రేన్లు, పంపులు, రిజెక్టు తలనొప్పి అంతా వాళ్లదే. అక్కడి నీళ్లు 50 పీపీఎం ఉన్నాయనుకుందాం. అదే 25 లీటర్ల వెసెల్ ఇప్పుడు 12,500 లీటర్లకి వస్తుంది. బోరు నీళ్లతో రెండు రోజులు నిలవని రెజిన్ ఇక్కడ నెల దాకా లాగుతుంది. ఓనర్‌తో మాట్లాడుకుని, క్యాన్ల రద్దీ మొదలవకముందే పొద్దున్నే బండి పెట్టి పైపుతో నేరుగా ట్యాంకులోకి కొట్టించుకోవచ్చు. ఒక్క జాగ్రత్త ఉంది. రుచి కోసం చాలామంది కొంత మామూలు నీళ్లు కలిపి టీడీఎస్ పెంచుతారు. ‘అన్నా, కలపకముందు నీళ్లు కావాలి’ అని అడిగి తీసుకోండి. వాళ్లకి అది ఒక వాల్వు తిప్పే పని.

ఇందులో ఇబ్బంది లేకపోలేదు. ఎండాకాలం వాళ్ల బోరు తగ్గితే ముందు ఆగేది మీ ట్యాంకే, క్యాన్ల కస్టమర్లు కాదు. మెంబ్రేన్ మార్చకుండా లాగిస్తే పోయిన వారం 40 ఉన్నది ఈ వారం 120 అవుతుంది, మీ రెజిన్ అంత వేగంగా అయిపోతుంది. నింపేముందు టీడీఎస్ పెన్ను (నీళ్లలో విద్యుత్తు ప్రసారాన్ని బట్టి టీడీఎస్ చూపే చిన్న మీటరు) ముంచకుండా నీళ్లు ఎక్కించుకోవద్దు.

రోజూ నాలుగైదు వందల లీటర్లు ఖర్చయ్యే స్థాయికి వచ్చాక సొంత ఆర్‌ఓ గురించి ఆలోచించొచ్చు. గంటకి 250 లీటర్ల ప్లాంటు అంటే ఒక 4040 మెంబ్రేన్, సింగిల్ ఫేజ్ పంపు, ముందు ఇసుక ఫిల్టర్, కార్బన్ ఫిల్టర్, మెంబ్రేన్‌కి గార పట్టకుండా యాంటీస్కేలెంట్ మందు డోసింగ్. రాణిగంజ్, బాలానగర్ వైపు తిరిగితే విడి భాగాలన్నీ దొరుకుతాయి. రాత్రి ఆన్ చేస్తే నాలుగు గంటల్లో వెయ్యి లీటర్ల ట్యాంకు నిండుతుంది, ఫ్లోట్ స్విచ్ దానంతటదే ఆపేస్తుంది. పొద్దున్న చిన్న పంపుతో బండిలోకి ఎక్కించుకోవడమే. లోపలికి 800 వెళ్తే బయటికి 20 నుంచి 40 దాకా వస్తుంది. 20 దగ్గర నిలిస్తే 25 లీటర్ల రెజిన్ ముప్పై వేల లీటర్ల లెక్కకి చేరుతుంది. నల్లా నీళ్లు వాడేవాళ్లు కార్బన్ ఫిల్టర్‌ని అశ్రద్ధ చేయకూడదు. క్లోరిన్ మెంబ్రేన్‌ని తినేస్తుంది, ఒకసారి తిన్నాక బాగుచేసే దారి లేదు. బోరు వాడేవాళ్లకి భయం క్లోరిన్ కాదు, గార. వాళ్లు యాంటీస్కేలెంట్ డబ్బా ఖాళీ కాకుండా చూసుకోవాలి.

రిజెక్టు నీళ్లని మొక్కలకి పోస్తామనే మాట వింటుంటాను. 800 వెళ్లి సగం నీళ్లు బయటికి పోతే ఆ సగంలో 1,600 దాకా ఉంటుంది. మొక్కలకి వద్దు. బాత్రూములకి, నేల కడగడానికి వాడుకోండి.

ఏ దారి పట్టినా చివర రెజిన్ ఉంటుంది కాబట్టి అది ఎప్పుడు అయిపోయిందో పట్టుకోవడం తెలియాలి. పెన్ను 10 చూపిస్తే మార్చాలనేది అందరికీ తెలిసిన గుర్తు. పెన్నుకి కనబడనిది ఒకటుంది, సిలికా. మన గ్రానైట్ నేల బోరు నీళ్లలో అది ఉంటుంది, విద్యుత్తుని అంతగా ప్రసరింపజేయదు కాబట్టి పెన్ను దాన్ని లెక్కలోకి తీసుకోదు. రెజిన్ అలసిపోయేటప్పుడు ముందుగా జారిపోయేవాటిలో అదొకటి. అందుకే నల్ల రంగు అద్దం ముక్క ఒకటి బండిలో పెట్టుకోండి. దాని మీద ఒక చుక్క బోరు నీళ్లు, ఒక చుక్క ప్లాంటు నీళ్లు, ఒక చుక్క వెసెల్‌లోంచి వచ్చినవి వేసి ఎండలో పెట్టండి. బోరు చుక్క తెల్లటి పొలుసుల ఉంగరం వదులుతుంది. ప్లాంటు చుక్క ఏటవాలుగా పట్టుకుంటే సన్నటి అంచు గీతలా కనబడుతుంది. మూడోది ఎక్కడ వేశారో వెతుక్కోవాలి. వెతక్కుండానే కనబడిందంటే పెన్ను సున్నా చూపినా సరే, రెజిన్ మార్చండి. ఇంకో గుర్తు ముక్కుకి తెలుస్తుంది. పాతబడిన రెజిన్ నీళ్లు చేప కంపు కొడతాయి.

బండి బరువు గురించి కూడా చెప్పాలి. లీటరు నీళ్లు కిలో. టాటా ఏస్ లాంటి బండి మోసేది ముప్పావు టన్ను, అందులో ట్యాంకు, ఇనుప ఫ్రేము, బ్యాటరీ, పంపు, హోస్ రీలు, పోళ్లు, రెజిన్ వెసెల్ అన్నీ పోగా 500 లీటర్లే న్యాయం. వెయ్యి లీటర్లు ఎక్కించి ‘ఏం కాదులే’ అనుకోవద్దు. నిండు ట్యాంకు కన్నా సగం నిండిన ట్యాంకుతోనే టెన్షన్, ఎందుకంటే బ్రేకు వేయగానే నీళ్లన్నీ ముందుకి దూకుతాయి. లోపల అడ్డుపలకలున్న పొట్టి ట్యాంకు తీసుకుని ఛాసిస్‌కి బోల్టులతో బిగించాలి. ఇంటి మీద పెట్టే గుండ్రటి ట్యాంకుని తాళ్లతో కట్టి తిప్పే బండ్లు ఓఆర్‌ఆర్ మీద అప్పుడప్పుడు కనబడుతుంటాయి. వాటిని ఓవర్‌టేక్ చేసి ముందుకు పోతాను గానీ వెనక మాత్రం వెళ్లను.