చలికాలానికి ఇల్లు సిద్ధం: హీటరా, కుంపటా, బొంతా?

దీపావళి దాటగానే ఆదిలాబాద్‌లో ఎలక్ట్రికల్ షాపుల ముందుకి హీటర్లు వచ్చేస్తాయి. ఎర్రగా వెలిగే రాడ్లవి కొన్ని, వేడిగాలి ఊదేవి కొన్ని, రెక్కలు రెక్కలుగా నిలబడే నూనె హీటర్లు కొన్ని. నాలుగడుగులు వేస్తే రోడ్డు పక్కన రగ్గుల గుట్టలు. ఇంట్లో మా అమ్మ మాత్రం అటక మీది బొంతలు దించి డాబా మీద ఎండకి పరుస్తుంది. వీటిలో ఏది దేనికి పనికొస్తుందో నాకు తెలియడానికి నల్లగా కాలిన ఒక ప్లగ్గు, గుండె ఝల్లుమనిపించిన ఒక కరెంటు బిల్లు కావలసి వచ్చాయి.

మా దగ్గర ఇళ్లు కట్టేది మే నెల కోసం. ఎండాకాలం ఇక్కడ 45 డిగ్రీల దాకా పోతుంది. అందుకని గోడ పైభాగాన వెంటిలేటర్లు, గాలి ఆడేలా ఎదురెదురు కిటికీలు, కాళ్ల కింద చల్లటి బండలు. అదే ఇంట్లో డిసెంబరు సగం నుంచి జనవరి చివరి దాకా కూడా కాపురం చెయ్యాలి. రాత్రులు పది డిగ్రీల లోపుకి పడిపోతాయి, కొన్ని రాత్రులు ఐదు దరిదాపులకి వెళ్తాయి. షికాగోలో ఉన్న మా బావ ఫోన్లో నవ్వుతుంటాడు, బయటంతా మంచు, మేం మాత్రం ఇంట్లో టీషర్టులతో తిరుగుతాం అని. నిజమే. వాళ్ల ఇల్లు ఫ్లాస్కు లాంటిది, మాది జల్లెడ. జల్లెడలో ఎంత వేడి పోసినా నిలవదు. అయితే వాళ్లకి లేనిది మాకొకటి ఉంది. తెల్లవారుజామున వణికించిన రోజే మధ్యాహ్నం మంచి ఎండ కాస్తుంది. దాన్ని వాడుకోవడం మా బావ ఇంటి కంటే మా ఇంటికే సులువు.

ముందు హీటర్ల సంగతి, ఎందుకంటే డబ్బు ఎక్కువ పోయేది అక్కడే. షాపులో అందరూ అడిగేది ఒకటే: ఏది కరెంటు తక్కువ తాగుతుంది? ఆ ప్రశ్నే తప్పు. వెయ్యి వాట్ల హీటర్ రాడ్లదైనా, ఫ్యాన్‌దైనా, నూనెదైనా గంటకి ఒక యూనిట్ తీసుకుని అంతే వేడి ఇస్తుంది. తేడా అంతా ఆ వేడి ఎలా చేరుతుందన్న దాంట్లో ఉంది. రాడ్ల హీటర్ ఎండలాంటిది, ఎదురుగా ఉన్న మనిషికి వెంటనే తగులుతుంది, వీపు మాత్రం చల్లగానే ఉంటుంది. స్నానం చేసి వచ్చి బట్టలు మార్చుకునే పది నిమిషాలకి అంతకంటే మంచిది లేదు. వేడిగాలి ఊదేది చిన్న గదిని త్వరగా వెచ్చబరుస్తుంది, కానీ ఆ రొద పెట్టుకుని నిద్రపోవడం నా వల్ల కాలేదు, పైగా ఆపేసిన కాసేపటికే గది మళ్లీ మామూలే. నూనెది వేడెక్కడానికి ఇరవై నిమిషాలు, అరగంట తీసుకుంటుంది. తర్వాత మాత్రం చప్పుడు లేకుండా నిలకడగా ఉంటుంది, గది వెచ్చబడ్డాక థర్మోస్టాట్ దానంతట అదే ఆపేస్తుంది. మా పక్కింటాయన "నూనె ఎన్ని రోజులకోసారి పొయ్యాల?" అని అడిగాడు. పోసేదేం లేదు. ఆ నూనె కాలదు, లోపల తిరుగుతూ వేడిని మోస్తుంది, అంతే.

ఇంకో మాట కూడా ఊరంతా వినిపిస్తుంది, హీటర్ గదిలో ఆక్సిజన్ తినేస్తుందని. కరెంటు హీటర్ దేన్నీ మండించదు, అందుకని ఆక్సిజన్ జోలికి పోదు. గొంతు ఎండిపోవడం నిజమే. గాలి వేడెక్కితే పొడిబారినట్టు అవుతుంది. ఆ రెంటినీ కలిపేసి జనం భయపడుతుంటారు.

నేను మొదట కొన్నది రెండు వేల వాట్ల ఫ్యాన్ హీటర్. దాన్ని మామూలు చిన్న సాకెట్‌కి అడాప్టర్ పెట్టి తగిలించాను. రెండు వేల వాట్లంటే దాదాపు తొమ్మిది ఆంపియర్లు, ఆ చిన్న సాకెట్ ఆరుకి చేసింది. మూడో రోజు కాలిన వాసన. ఎలక్ట్రీషియన్ వచ్చి ప్లగ్గు నా చేతిలో పెట్టి, "అన్నా, ఏసీకి వాడే పెద్ద సాకెట్ పెట్టిస్తే అయిపోవు గదా" అన్నాడు. అయిపోయేది. హీటర్ కొనేముందు పడుకునే గదిలో పదహారు ఆంపియర్ల సాకెట్ ఉందో లేదో చూసుకోండి. ఎక్స్‌టెన్షన్ బాక్సుల మీద నడిపించకండి.

బిల్లు కథ ఇంకో రకం. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద తెల్ల రేషన్ కార్డున్న ఇంటికి నెలకి 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే. కిలోవాట్ హీటర్ రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆగకుండా నడిస్తే ఎనిమిది యూనిట్లు, నెలకి 240. గదిని బిగించకపోతే థర్మోస్టాట్ ఆపే వీలే దొరకదు, ఎందుకంటే గది ఎప్పటికీ వెచ్చబడదు. ఆ ఏడాది జనవరిలో మా ఇంట్లో జరిగింది అదే. బిల్లు చూసి అమ్మ ఏమీ అనలేదు. బొంత ఇంకోటి తీసి నా మంచం మీద వేసింది.

ఎలాగూ ఎండాకాలానికి కొత్త ఏసీ కొనాలనుకుంటున్న వాళ్లకి మాత్రం నా సలహా వేరు. వేడి, చల్లదనం రెండూ ఇచ్చే ఇన్వర్టర్ ఏసీ చూడండి. అది కరెంటుతో వేడి పుట్టించదు, బయటి గాలిలో ఉన్న వేడిని లోపలికి తోడిపోస్తుంది. అందువల్ల ఒక యూనిట్ కరెంటుకి ఇంచుమించు మూడు యూనిట్ల వేడి వస్తుంది. మా చలికి అది బాగానే పనిచేస్తుంది. చలి కోసమే అంత ఖర్చు పెట్టి కొనమని మాత్రం చెప్పను.

ఇక కుంపటి. మా నాయినమ్మ బతికున్న రోజుల్లో బొగ్గుల కుంపటి లేకుండా చలికాలం గడిచేది కాదు. ఆ వెచ్చదనంలో ఒక హాయి ఉంది, దాన్ని ఏ హీటరూ ఇవ్వదు. చుట్టూ నలుగురు కూర్చుంటారు, వేడిలో మొక్కజొన్న కంకి కాలుతుంది, మాటలు సాగుతాయి. అయితే ఆ రోజుల్లో మాది గూనపెంకుల ఇల్లు. పెంకుల సందుల్లోంచి పొగా విషవాయువూ రెండూ పైకి పోయేవి. ఇప్పటి స్లాబు ఇంట్లో, తలుపులు బిగించి, నిప్పులు మంచం కింద పెట్టుకుని పడుకుంటే తెల్లారి లేవకపోవచ్చు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. పొగ రావడం లేదు కదా అనుకున్న ఎర్రటి నిప్పుల నుంచే అది వస్తుంది. నిద్రలో ఉన్న మనిషికి తెలిసే లోపే ఒంట్లో శక్తి పోతుంది. కాబట్టి కుంపటి వరండాలో, ఆరుబయట. పడగ్గదిలోకి వద్దే వద్దు. దీని దగ్గర రెండు వైపులా తూచి చూసేదేం లేదు.

ఇంటిని బిగించడం అనే దారి అన్నిటికంటే చవక, అన్నిటికంటే తక్కువ మంది చేసేదీ అదే. అగరొత్తి వెలిగించి రాత్రిపూట కిటికీల దగ్గర, తలుపు కింద పట్టుకుని చూడండి. పొగ ఎక్కడ వంకర తిరిగితే అక్కడ చలి వస్తోందన్నమాట. మా ఇంట్లో పెద్ద దొంగ ముందు తలుపు కింద వేలు దూరేంత సందు. పాత చీరలో ఇసుక నింపి పొడుగాటి దిండులా కుట్టి అడ్డం పెట్టాం. కిటికీ రెక్కలకి హార్డ్‌వేర్ షాపులో దొరికే ఫోమ్ టేపు అంటించాం. వెంటిలేటర్లకి లోపలి నుంచి అట్టముక్కలు కొలిచి పెట్టాం, ఫిబ్రవరిలో తీసేసేలా. వంటింటి వెంటిలేటర్ మాత్రం ముయ్యలేదు, గ్యాసు పొయ్యి ఉన్న చోట గాలి ఆడాల్సిందే. బండల మీద జంపఖానా పరిచాం. మొత్తం ఖర్చు హీటర్ ధరలో పదో వంతు కూడా కాలేదు. ఆ తర్వాతే నూనె హీటర్ థర్మోస్టాట్ టక్కుమని ఆగడం మొదటిసారి విన్నాను.

ఇంటి పైకప్పుని బట్టి ఈ లెక్క మారుతుంది. స్లాబు పగటి ఎండని దాచుకుని అర్ధరాత్రి దాకా నెమ్మదిగా వదులుతుంది, దానికి సందులు మూస్తే చాలావరకు సరిపోతుంది. రేకుల ఇల్లు అలా కాదు. మబ్బు లేని రాత్రి రేకు తన వేడినంతా ఆకాశానికి వదిలేసి బయటి గాలి కంటే చల్లబడుతుంది. తెల్లారేసరికి లోపలి ఆవిరి దానికి తగిలి చుక్కలు చుక్కలుగా పక్కల మీద పడుతుంది. అలాంటి ఇంట్లో హీటర్ కొనడం డబ్బు తగలెయ్యడమే. ముందు రేకుల కింద సీలింగ్ వేయించాలి, అది మే నెలలోనూ కాపాడుతుంది. అంత స్తోమత లేకపోతే మంచాల మీదుగా ఒక మందపాటి గుడ్డ పందిరిలా కట్టినా తేడా తెలుస్తుంది. స్లాబు మీద తెల్ల రంగు వేయించుకున్నవాళ్లు, చలికాలం ఎండ కూడా వెనక్కి పోతోందే అని దిగులు పడుతుంటారు. పోతే పోనివ్వండి. రెండు నెలల చలి కోసం మూడు నెలల ఎండని నెత్తిన పెట్టుకోలేం.

ఇప్పుడు పక్క బట్టలు. గదిని కాకుండా మనిషిని వెచ్చగా ఉంచడం. ఇక్కడ నేను పూర్తిగా అమ్మ వైపు. షాపుల్లో దొరికే నున్నటి రగ్గు కప్పుకోగానే వెచ్చగా అనిపిస్తుంది, ఉతకడం సులువు, పిల్లలకి ఇష్టం. కానీ అది పాలిస్టర్, చెమట పీల్చదు, నడి రాత్రి ఉక్కపోసి తన్నేస్తాం, తెల్లవారుజామున చలికి వెతుక్కుంటాం. పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టిన బొంతలో ఆ పొరల మధ్య గాలే వెచ్చదనం. ఒంటికి మెత్తన, బరువు కూడా హాయిగా ఉంటుంది. దాని తప్పల్లా ఒకటే, చెమ్మ పట్టిందంటే చలిని ఆపదు, ఉతికితే రెండు రోజులు ఆరదు. అందుకే రోజూ మధ్యాహ్నం ఎండలో వేసి, పొద్దు వాలకముందే మడత పెట్టి తేవాలి. అప్పుడు ఎండ వాసనతో లోపలికి వస్తుంది. గొంగడిది వేరే దారి. దక్కనీ గొర్రెల ఉన్నితో కురుమలు నేసేది, నేసేటప్పుడు చింతగింజల గంజి పట్టిస్తారు. గరుకుగా ఉంటుంది, ఒంటికి నేరుగా కప్పుకుంటే దురద. కానీ ఉన్ని కాస్త తడిసినా వేడి వదలదు. మంచం మీద పరుపు కింద పరిచినా, నేల మీద పడుకునేవాళ్లు చాప మీద వేసుకున్నా కింది నుంచి వచ్చే చలి ఆగిపోతుంది. చాలామంది పైన మూడు కప్పుకుని కింద ఏమీ వేసుకోరు. నేల మీద పడుకునేవాళ్లకి సగం చలి కింది నుంచే.

గొంగడి కింద, బొంత పైన. రగ్గు చుట్టాలొస్తే. మా ఇంట్లో ప్రస్తుతానికి ఒప్పందం ఇది.

స్నానం నీళ్ల గురించి చెప్పకుండా చలికాలం గురించి చెప్పడం కుదరదు. ఇరవై లీటర్ల బకెట్ నీళ్లు గోరువెచ్చని దాటి ఒంటికి సరిపడా వేడెక్కాలంటే సుమారు అర యూనిట్ పైచిలుకు పడుతుంది, ఏ దారిన కాచినా అంతే. పదిహేను వందల వాట్ల రాడ్డు ఆ పని ఇరవై పాతిక నిమిషాల్లో చేస్తుంది, వృథా తక్కువ. కానీ స్విచ్ వేసి ఉండగా నీళ్లు వేడెక్కాయా అని చెయ్యి పెట్టి చూసే అలవాటు ఇళ్లల్లో పోలేదు. పిల్లలున్న ఇంట్లో రాడ్డు వద్దని నా మాట. పదిహేను లీటర్ల గీజర్ ఒకసారి కాగడానికి ముప్పావు యూనిట్ తీసుకుంటుంది, ఆ నీళ్లలో చన్నీళ్లు కలిపితే బకెట్ కంటే ఎక్కువే వస్తాయి. రోజంతా ఆన్‌లో వదిలేస్తేనే నష్టం. గీజర్ మీద కనిపించే స్టార్లు చెప్పేది అదే, కాగిన నీళ్లు ఊరికే ఎంత వేడి పోగొట్టుకుంటాయన్నది. గ్యాస్ గీజర్ బాత్రూం లోపల బిగించి ఉంటే, కుంపటి గురించి చెప్పిందంతా దానికీ వర్తిస్తుంది. బయట గోడకి బిగించి నీళ్లు పైపులో లోపలికి తెచ్చుకోవాలి.

ఊళ్లో మా పెదబాపు ఇంట్లో ఇప్పటికీ కాగు కిందే మంట. పత్తి ఏరడం అయిపోయాక చేలో కట్టె కొదవ లేదు, ఆయనకి వేరే ఏదీ అక్కర్లేదు. పట్నంలో ఉన్నవాళ్లకి డాబా ఉంటే సోలార్ మేలు. మా చలికాలం మబ్బుల్లేని కాలం, గాజు గొట్టాల రకం నీళ్లని సాయంత్రానికి కాచి ట్యాంకులో రాత్రంతా వేడిగా ఉంచుతుంది. ఒక్కటే చికాకు, పైపు పొడుగ్గా ఉంటే పొద్దున వేడి నీళ్లు రావడానికి ముందు బకెట్‌న్నర చన్నీళ్లు పోతాయి. అందుకే ట్యాంకు ఎక్కడ పెట్టాలన్నది కొనేముందే బాత్రూం నిలబడి ఉన్న చోటు చూసి తేల్చుకోవాలి. మేమింకా అక్కడే ఆగి ఉన్నాం. ప్లంబర్ వంటింటి మీద అంటాడు, నేను మెట్ల గది మీద అంటాను. అమ్మకి మాత్రం బొంతలు ఆరేసే చోటు మీద దాని నీడ పడకూడదట.