సైన్యం నుంచి ప్లంబింగులోకి: కోర్సా, మేస్త్రీ దగ్గర పనా?

సైనిక సేవ ముగించుకొని ప్లంబింగు నేర్చుకోదలచినవారి ముందు ప్రధానంగా రెండు దారులుంటాయి: పూర్తికాలపు కోర్సు, లేదా అనుభవజ్ఞుడైన మేస్త్రీ దగ్గర పనిచేస్తూ నేర్చుకోవడం. కోర్సులో కారణాలు తెలుస్తాయి. మురుగు పైపును తగిన వాలుతో ఎందుకు వేయాలో, సింకు కింది ట్రాపులో, అంటే వంపు తిరిగిన పైపులో, నిలిచే నీరు దుర్వాసనను ఇంట్లోకి రాకుండా ఎలా అడ్డుకుంటుందో అక్కడ క్రమంగా బోధిస్తారు. క్రమబద్ధమైన దినచర్యకు అలవాటుపడినవారికి ఆ పద్ధతి సులువుగా నప్పుతుంది. అయితే ఆ కాలంలో సాధారణంగా సంపాదన ఉండదు.

మేస్త్రీ దగ్గర తక్కువైనా ఎంతో కొంత కూలి ముడుతుంది. అంతకన్నా ముఖ్యంగా చేతికి పని తెలుస్తుంది: నీరు కారకుండా పైపు మరలకు చుట్టే టెఫ్లాన్ టేపును మర బిగిసే దిశలోనే చుట్టాలనీ, ఎదురు దిశలో చుడితే బిగించేటప్పుడు ఊడివస్తుందనీ ఒక్కసారి చేసిచూస్తే ఇక మరచిపోరు. కాకపోతే వయసులో చిన్నవాడి ఆజ్ఞలు పాటించవలసి రావచ్చు. హోదాలో పనిచేసి వచ్చినవారికి ఇది నిజంగా కష్టమే, దాన్ని తేలిగ్గా తీసుకోరాదు.

సైన్యంలోనే నీటి సరఫరా పనులు చూసినవారు నేరుగా మేస్త్రీ దగ్గర చేరడం మేలని నా అభిప్రాయం. మిగిలినవారు, ముఖ్యంగా లైసెన్సు తప్పనిసరైన చోట, పింఛనో పొదుపో ఆసరాగా ఉంటే ముందు కోర్సు పూర్తిచేసి, ఆ తరువాతే పనిలో దిగడం మంచిది.