ప్రీమియర్ నుంచి ప్రో టూల్స్‌కి ఆడియో: ఏఏఎఫ్, ఓఎంఎఫ్, వేవ్ స్టెమ్స్‌లో ఏది మేలు?

ప్రీమియర్ వీడియో ఎడిటింగ్‌కి, ప్రో టూల్స్ శబ్దం మిక్సింగ్‌కి వాడే సాఫ్ట్‌వేర్లు. ఏఏఎఫ్, ఓఎంఎఫ్ అనేవి టైమ్‌లైన్ మీది ఆడియో క్లిప్పులను విడివిడిగా, వాటి స్థానాలతో సహా పంపే ఫైల్ రకాలు. వేవ్ స్టెమ్ అంటే డైలాగ్, మ్యూజిక్ లాంటి ఒక్కో రకం శబ్దాన్ని కలిపి తీసిన ఒకే ఆడియో ఫైల్. మిక్సింగ్ ప్రో టూల్స్‌లో జరుగుతుంటే ఏఏఎఫ్ పంపండి. మిగతా రెండూ అది కుదరనప్పుడే.

కారణం హ్యాండిల్స్. ఎడిటర్ కోసిన చోటికి ముందూ వెనకా ఉండే మిగులు శబ్దం అది. రెండు షాట్ల మధ్య ఏసీ మోత టక్కున మారితే అతుకు కనపడకుండా కలపడానికి ఆ మిగులే కావాలి. వేవ్ స్టెమ్‌లో అది ఉండదు. ఫేడ్లు, లెవెల్స్ అన్నీ అందులో ఖరారైపోయి ఉంటాయి. డైలాగ్ చివరి అక్షరం తెగితే మిక్సర్ మళ్లీ ఎడిటర్‌కి ఫోన్ చేయాల్సిందే.

హ్యాండిల్స్ ఓఎంఎఫ్‌లోనూ వస్తాయి, కానీ ఫైల్ 2 జీబీ దాటకూడదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ మోనోకి సెకనుకు 1,44,000 బైట్లు. అంటే అన్ని ట్రాకులూ కలిపి సుమారు 4 గంటల మోనో. 12 ట్రాకులు నిండుగా ఉన్న 20 నిమిషాల రీల్‌తోనే (సినిమాలో ఒక భాగం) ఆ కోటా దాదాపు అయిపోతుంది, హ్యాండిల్స్ లెక్క ఇంకా కలపలేదు. అవతలి సాఫ్ట్‌వేర్ ఏఏఎఫ్ తెరవలేనంత పాతదైతే తప్ప రీల్‌ని ముక్కలు చేసే తిప్పలు అనవసరం.

ఏఏఎఫ్ తీసే ముందు సీక్వెన్స్‌కి (ఎడిట్ చేసిన టైమ్‌లైన్‌కి) నకలు చేసుకుని పని అందులో చేయండి. మల్టీక్యామ్ (పలు కెమెరాలను కలిపిన) క్లిప్పులను ఫ్లాటెన్ చేయాలి, అంటే ఎంచుకున్న క్లిప్పులే మిగలాలి. నెస్ట్ చేసినవాటిని, అంటే ఒకే క్లిప్పుగా మూటకట్టినవాటిని విప్పి, లోపలి క్లిప్పులను మెయిన్ టైమ్‌లైన్ మీదికి తేవాలి. లేకపోతే అవి అవతల విడి క్లిప్పులుగా చేరవు. వేగం మార్చిన ఆడియోని రెండర్ చేసి ఆ స్థానంలో పెట్టండి. నాయిస్ రిడక్షన్ తీసేయండి, ఆ పనికి మిక్సర్ దగ్గర మెరుగైన పనిముట్లుంటాయి. ఎక్స్‌పోర్ట్ విండోలో 48000, 24 బిట్, సెపరేట్ ఆడియో, బ్రాడ్‌కాస్ట్ వేవ్, ట్రిమ్ ఆడియో ఫైల్స్ ఎంచుకుని హ్యాండిల్ ఫ్రేములు 120 ఇవ్వండి. 24 ఫ్రేముల సినిమాకి అది 5 సెకన్లు. బ్రేకౌట్ టు మోనో పెట్టాలా వద్దా అన్నది మిక్సర్‌ని అడిగే తేల్చుకోండి. పెడితే స్టీరియో పాట ఎడమ, కుడి రెండు మోనో ట్రాకులుగా విడిపోతుంది.

ఎక్కువ గొడవ వచ్చేది ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని ఫ్రేములు) దగ్గర. 24కీ 23.976కీ తేడా 0.1 శాతమే, కానీ గంటకు 3.6 సెకన్లు జారుతుంది. 20 నిమిషాల రీల్ చివర అది 1.2 సెకన్లు, పెదవులకూ మాటకూ పొంతన ఉండదు. అందుకే టైమ్‌కోడ్ (గంట:నిమిషం:సెకను:ఫ్రేము) కనిపించే వీడియోతో పాటు టూ-పాప్ పెట్టండి, అంటే మొదలుకి రెండు సెకన్ల ముందు చిన్న బీప్. సినిమా 01:00:00:00 దగ్గర మొదలైతే, 00:59:58:00 దగ్గర ఒక్క ఫ్రేము 1 కిలోహెర్ట్జ్ టోన్. రీల్ చివర కూడా ఒక పాప్ ఉండాలి. మొదటిది కలిసి చివరిది కలవకపోతే తప్పు ఫ్రేమ్ రేటుదే.

వేవ్ స్టెమ్స్‌కీ తగిన చోటుంది. ఫైనల్ కట్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఏఏఎఫ్ ఇవ్వదు. అక్కడ డైలాగ్, మ్యూజిక్, ఎఫెక్ట్స్ రోల్స్ (క్లిప్పులకు తగిలించే రకం పేర్లు) వేరు చేసి ఒక్కోటి ఒక్కో వేవ్‌గా తీయవచ్చు. అన్నీ ఒకే టైమ్‌కోడ్ నుంచి మొదలవ్వాలి, మొదట్లో శబ్దం లేని ట్రాకైనా సరే.

ఏఏఎఫ్ పంపినా ఎడిటర్ మిక్స్‌ని ఒక వేవ్‌గా జత చేయండి. ప్రో టూల్స్‌లో ఏఏఎఫ్ డైలాగ్‌ని ఎడమకి, ఈ వేవ్‌ని కుడికి పాన్ చేసి రీల్ మొత్తం వినాలి. ఏ క్లిప్పు జారినా అక్కడ మాట రెండుసార్లు వినిపిస్తుంది. ఏ క్లిప్పు రాకపోయినా ఎడమ వైపు నిశ్శబ్దమవుతుంది.